2011లో కుదరని సంపన్నుల పన్ను 2013 జనవరిలో ఎలా కుదిరింది?

మీరు అడిగింది ఇది: 2011 వేసవిలో అమెరికా అప్పు కట్టలేని స్థితి అంచుదాకా వెళ్లింది. సంపన్నుల మీద పన్ను పెంచమని సర్వేల్లో జనం అంటున్నారు, అధ్యక్షుడు ఒబామా కూడా అదే అంటున్నారు. అయినా చివరి ఒప్పందంలో పన్ను ఒక్క డాలరు కూడా ఎందుకు పెరగలేదు? అది ఆయన నాయకత్వ లోపమేనా?

లోపం ఉంది. కాకపోతే చాలామంది వేలెత్తి చూపే చోట కాదు. 2011 జులైలో బేరం దగ్గర మెత్తబడ్డారని అంటుంటారు. జులై నాటికి ఆయన చేతిలో బేరానికి పెట్టేందుకు ఏమీ మిగల్లేదు. ఉన్నదాన్ని 2010 డిసెంబరులోనే ఇచ్చేశారు.

రెండు చట్టాలు పక్కపక్కన పెట్టి చూడండి. 2011 ఆగస్టు 2న సంతకమైన బడ్జెట్ కంట్రోల్ యాక్ట్‌లో కొత్త పన్ను సున్నా. 2013 జనవరి 2న సంతకమైన అమెరికన్ టాక్స్‌పేయర్ రిలీఫ్ యాక్ట్‌లో పై స్లాబు 35 నుంచి 39.6 శాతానికి పెరిగింది, పదేళ్లకు సుమారు 62,000 కోట్ల డాలర్ల రాబడి. మధ్యలో 17 నెలలు. అధ్యక్షుడు ఒకరే, ప్రతినిధుల సభ స్పీకర్, రిపబ్లికన్ జాన్ బేనర్ ఒకరే, సెనేట్‌లో రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్ ఒకరే. ఓటు వేసిన సభ్యులు కూడా దాదాపు వాళ్లే, ఎందుకంటే రెండు చట్టాలూ 112వ కాంగ్రెస్‌లోనే, అంటే ఒకే విడత అమెరికా పార్లమెంటులోనే, పాసయ్యాయి. 2012 నవంబరులో గెలిచిన కొత్తవాళ్లు 2013 జనవరి 3న గానీ ప్రమాణం చేయలేదు. మధ్యలో ఒబామా మళ్లీ గెలవడం పనికొచ్చింది, కాదనను. కానీ అసలు మార్పు వేరే. ఎవరూ ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే ఎవరికి దెబ్బ అన్న ప్రశ్నకు జవాబు తలకిందులైంది. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అధ్యక్షుడి చేతిలో నిజంగా ఉన్నది

మన దగ్గర కేంద్రం పన్ను పెంచాలనుకుంటే పెద్ద చిక్కేమీ ఉండదు. లోక్‌సభలో మెజారిటీ ఉన్నవాళ్లే ప్రభుత్వంలో ఉంటారు. 2019 జులై బడ్జెట్‌లో ఏడాదికి 5 కోట్లు దాటిన ఆదాయం మీద సర్‌చార్జి 37 శాతం చేస్తామన్నారు, పై రేటు 42.74 శాతానికి చేరింది. ఆ సమావేశాల్లోనే ఫైనాన్స్ బిల్లు గట్టెక్కేసింది. ఈ అలవాటుతో అమెరికా రాజకీయాన్ని చూస్తే అక్కడి అధ్యక్షుడు చేతకానివాడిలా కనిపిస్తాడు.

అక్కడ రాజ్యాంగం మొదటి అధికరణ 7వ సెక్షన్ ప్రకారం రాబడి బిల్లు ప్రతినిధుల సభలోనే పుట్టాలి. అధ్యక్షుడు ఏటా పంపే బడ్జెట్ ఒక అర్జీ లాంటిది, పక్కన పడేసినా అడిగే దిక్కు లేదు. 2010 నవంబరు ఎన్నికల్లో ఆ సభ 242 సీట్లతో రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. వాళ్లలో దాదాపు అందరూ పన్నుల వ్యతిరేక ప్రచారకుడు గ్రోవర్ నార్క్విస్ట్ సంస్థ 1986 నుంచి సంతకాలు పెట్టించుకుంటున్న ప్రతిజ్ఞ మీద సంతకం చేసినవాళ్లే: ఆదాయపు పన్ను రేటు పెంచే ఏ బిల్లుకూ ఓటు వేయం అని. సెనేట్ డెమోక్రాట్లదే అయినా ఫిలిబస్టర్ (చర్చ సాగదీసి ఓటింగును అడ్డుకునే పద్ధతి) దాటాలంటే 60 ఓట్లు కావాలి.

అధ్యక్షుడికి గట్టిగా ఉన్నది వీటో ఒక్కటే. అది ఆపడానికి పనికొస్తుంది గానీ చేయించడానికి పనికిరాదు. అందుకే వీటోతో పన్ను పెంచగలిగే సందర్భం ఒకే ఒక్కటి ఉంటుంది: అప్పటికే ఉన్న చట్టం గడువు తీరి, పన్ను దానంతట అదే పెరగబోతున్నప్పుడు. అప్పుడు ఆపే శక్తే చేయించే శక్తి అవుతుంది.

ఆ గడువు ఎక్కడిదంటే, జార్జి బుష్ 2001, 2003 పన్ను కోతలను రికన్సిలియేషన్ అనే దారిలో పాస్ చేయించుకున్నారు. ఆ దారిలో సెనేట్‌లో మామూలు మెజారిటీ చాలు, ఫిలిబస్టర్ ఉండదు. బదులుగా బర్డ్ రూల్ అనే షరతు ఉంటుంది: బడ్జెట్ లెక్క వేసిన కాలం దాటాక ఆ బిల్లు వల్ల లోటు పెరగకూడదు. దాని కోసం కోతలకు గడువులు పెట్టారు, చివరికి అన్నిటికీ అది 2010 డిసెంబరు 31 అయింది. పై స్లాబు 39.6 నుంచి 35కి తగ్గింది, షేర్లు అమ్మిన లాభాల మీద పన్ను 20 నుంచి 15కి తగ్గింది, డివిడెండ్లకూ అదే 15. ఏమీ చేయకపోతే 2011 జనవరి 1న అన్నీ పాత రేట్లకు వెళ్లిపోవాలి.

అప్పు పరిమితి దీనికి సరిగ్గా వ్యతిరేకం

అప్పు పరిమితి అంటే కొత్త ఖర్చుకు ఇచ్చే అనుమతి అని చాలామంది పొరబడతారు. ఖర్చు, పన్ను రెండూ కాంగ్రెస్ ముందే వేరే చట్టాల్లో ఖాయం చేసేస్తుంది. ఆ రెండిటి మధ్య తేడాను అప్పుతో పూడ్చాల్సినప్పుడు ‘ఇంతకు మించొద్దు’ అని అదే కాంగ్రెస్ 1917 నాటి చట్టంతో అడ్డుపడుతుంది. హోటల్లో తినేశాక బిల్లు కట్టాలా వద్దా అని చర్చ పెట్టుకోవడం లాంటిది.

2011లో ఆ పరిమితి 14.294 లక్షల కోట్ల డాలర్లు (ట్రిలియన్ అంటే లక్ష కోట్లు). మే 16న అప్పు దాన్ని తాకింది. ట్రెజరీ కార్యదర్శి తిమోతీ గైట్నర్ ‘అసాధారణ చర్యలు’ మొదలుపెట్టారు: ప్రభుత్వోద్యోగుల పెన్షన్ నిధిలో కొత్త పెట్టుబడి ఆపడం, ఉద్యోగుల పొదుపు పథకంలోని జి ఫండ్ బాండ్లను తాత్కాలికంగా తీసేయడం, రాష్ట్రాలకూ నగరాలకూ అమ్మే ప్రత్యేక బాండ్లు నిలిపేయడం. చట్టం ప్రకారం ఆ నిధులకు తర్వాత వడ్డీతో సహా సర్దేయాలి కాబట్టి ఉద్యోగులు నష్టపోరు. ఇవన్నీ కలిపి ఆగస్టు 2 దాకా లాక్కొచ్చాయి.

ఆ తర్వాత ఉండేది రోజువారీ నగదు మాత్రమే. ఆ ఆర్థిక సంవత్సరంలో ఖర్చు 3.6 లక్షల కోట్లు, రాబడి 2.3 లక్షల కోట్లు. అంటే ఖర్చయ్యే ప్రతి డాలరులో 36 సెంట్లు అప్పే. నెలకు 8 కోట్ల చెల్లింపులు చేసే ట్రెజరీకి, ఎవరికి ముందు ఇవ్వాలి ఎవరిని ఆపాలి అని ఎంచుకునే అధికారం చట్టంలో స్పష్టంగా లేదు. వృద్ధుల పెన్షన్ ఆగినా, సైనికుల జీతం ఆగినా, మార్కెట్ కూలినా తిట్లు పడేది వైట్‌హౌస్‌కే.

కాబట్టి ఏమీ చేయకపోతే దెబ్బ అధ్యక్షుడికి. పన్నులకూ ప్రభుత్వ ఖర్చుకూ వ్యతిరేకంగా లేచిన టీ పార్టీ అలలో గెలిచొచ్చిన కొత్త సభ్యులకు ఓడిపోతామన్న భయం తమ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలోనే, అదీ పన్నుకు ఓటేస్తేనే. భయం ఎవరికి ఎక్కువుంటే వాళ్లే ఇచ్చుకోవాలి. పన్ను పెంచమని అడగడానికి ఇంతకంటే చెడ్డ సమయం ఉండదు.

‘14వ సవరణ వాడొచ్చు కదా’ అని అడిగేవాళ్లున్నారు. దాని 4వ సెక్షన్ దేశ అప్పు చెల్లుబాటును ప్రశ్నించరాదంటుంది. ఒబామా అప్పట్లోనే, తన లాయర్లకు అది గెలిచే వాదనగా అనిపించలేదని చెప్పేశారు. చిక్కు కోర్టుదే కాదు. అలా అమ్మిన బాండ్లు చెల్లుతాయా లేదా అన్న అనుమానం ఉంటే కొనేవాడు ఎక్కువ వడ్డీ అడుగుతాడు. పరిమితి తగలకుండా ఉండేందుకు లక్ష కోట్ల డాలర్ల ప్లాటినం నాణెం ముద్రించి ఖజానాలో వేసుకునే చిట్కాను ట్రెజరీ 2013 జనవరిలో అధికారికంగా కొట్టిపారేసింది. ఏదెలా ఉన్నా ఈ రెండూ అప్పు పరిమితిని తప్పించుకునే దారి చూపేవే. పన్ను పెంచడానికి ఎందుకూ పనికిరావు.

2010 డిసెంబరు: అసలు తప్పు

అప్పటికి కాంగ్రెస్ రెండు సభలూ ఇంకా డెమోక్రాట్లవే, జనవరి 3 దాకా. కోతల గడువు తీరబోతోంది, వీటో చేతిలో ఉంది. నిరుద్యోగం 9 శాతం దాటి ఉండగా అందరి పన్నూ ఒక్కసారి పెంచడం ఒబామాకు ఇష్టం లేదు, అది సరైన భయమే. డిసెంబరు 17న సంతకం చేసిన చట్టంతో కోతలన్నీ, సంపన్నుల కోతలతో సహా, రెండేళ్లు పొడిగించారు. బదులుగా ఆయనకు దక్కినవి: నిరుద్యోగ భృతి 13 నెలల పొడిగింపు, ఉద్యోగుల జీతం నుంచి సామాజిక భద్రత కోసం కోసుకునే పేరోల్ పన్ను ఏడాదిపాటు 6.2 నుంచి 4.2 శాతానికి తగ్గింపు. చనిపోయినవారి ఆస్తి మీద పడే ఎస్టేట్ పన్ను మాత్రం అవతలివాళ్లు కోరినట్టే అయింది, 50 లక్షల డాలర్ల మినహాయింపుతో 35 శాతం.

ఆర్థికంగా ఈ బేరంలో నాకు పెద్ద తప్పు కనబడదు. జాబితాలో లేనిదే తప్పు. అప్పు పరిమితి పెంపును కూడా అదే చట్టంలో కలపమని అడగలేదు. నాలుగైదు నెలల్లో ఆ పరిమితి తగులుతుందని ట్రెజరీ లెక్కలు చూసే ఎవరికైనా తెలుసు. బేరం కుదిరిన వారం విలేఖరుల సమావేశంలో ఒకరు సూటిగా ఇదే అడిగారు కూడా. దేశం పరపతి కూలిపోవాలని ఎవరూ కోరుకోరు, బేనర్ మాట మీద నమ్మకముంచుతాను అన్న అర్థంలో ఒబామా జవాబిచ్చారు. పగ్గం మన చేతిలో ఉన్నప్పుడు అడగాల్సింది అడగకుండా, పగ్గం అవతలివాడి చేతికి వెళ్లాక మర్యాద ఆశించడమంటే ఇదే. నాయకత్వ లోపం అనే మాట వాడాలంటే నేను ఈ వారానికి వాడతాను.

ఒక్క మంచి మాత్రం జరిగింది. కొత్త గడువు 2012 డిసెంబరు 31కి, అంటే అధ్యక్ష ఎన్నికల తర్వాతికి పడింది.

2011 జులై: 80,000 కోట్ల కథ

బేనర్‌తో రహస్యంగా నడిచిన ‘పెద్ద ఒప్పందం’లో రాబడి కింద ఒప్పుకున్న అంకె పదేళ్లకు 80,000 కోట్ల డాలర్లు. ఇది వినడానికి పెద్దదే. ఈ అంకెను అర్థం చేసుకోవాలంటే బేస్‌లైన్ సంగతి తెలియాలి, బడ్జెట్ వార్తలు చదివేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే.

కాంగ్రెస్‌కు లెక్కలు వేసిపెట్టే బడ్జెట్ ఆఫీసు అంచనాల్లో రెండు రకాల పునాదులు (బేస్‌లైన్లు) ఉంటాయి. ఒకటి, రాసి ఉన్న చట్టం ప్రకారం: అందులో కోతలు 2012 చివర ఆగిపోతాయి, రాబడి పెరుగుతుంది. రెండోది, ఇప్పుడున్న రేట్లే కొనసాగుతాయనుకుని. మొదటి పునాది మీద చూస్తే 80,000 కోట్లనేది పన్ను తగ్గింపు, రెండో పునాది మీద చూస్తే పెంపు. 2.5 లక్షల డాలర్లు దాటిన కుటుంబాల కోతలను గడువు తీరనిస్తే వచ్చే మొత్తం దాదాపు అంతే. అంటే ఒబామా ఏమీ సంతకం చేయకుండా ఊరుకున్నా రాగలిగిన డబ్బును, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) వంటి పథకాల్లో కోతలు ఒప్పుకుని కొనుక్కోవాల్సి వచ్చింది. పైగా బేనర్ దాన్ని రేట్లు పెంచి కాకుండా మినహాయింపులు తీసేసి, ఆర్థిక వృద్ధితో రాబడతామన్నారు. ఏ మినహాయింపు అన్నది తర్వాత చూద్దామన్నారు. పన్ను బేరాల్లో ‘తర్వాత చూద్దాం’ అన్న మాటకు విలువ సున్నా.

జులై 19న రెండు పార్టీల ఆరుగురు సెనేటర్ల బృందం అంతకంటే ఎక్కువ రాబడితో ప్రణాళిక బయటపెట్టింది. తన సొంత పార్టీ వాళ్లకు ఏం చెప్పుకోవాలో తెలియక వైట్‌హౌస్ మరో 40,000 కోట్లు అడిగింది. జులై 22న బేనర్ తప్పుకున్నారు. అడ్డం తిరిగింది మీరంటే మీరని ఇద్దరూ అన్నారు. ఆ అదనపు 40,000 కోట్లు అడక్కపోయినా ఇది పాసయ్యేదని నేననుకోను. రిపబ్లికన్ల రెండో నాయకుడు ఎరిక్ కాంటర్ జూన్ 23నే, పన్నుల మాట ఎత్తగానే, ఉపాధ్యక్షుడు బైడెన్ నడిపిన చర్చల నుంచి లేచి వెళ్లిపోయారు. 80,000 కోట్లకు కూడా బేనర్ దగ్గర ఓట్లు లేవు.

జులై 25న ఒబామా టీవీలో ప్రసంగించి, మీ సభ్యులకు చెప్పండి అని జనాన్ని కోరారు. ఫోన్లు మోగిపోయాయి, సభ్యుల వెబ్‌సైట్లు మొరాయించాయి. ఓట్లు మాత్రం కదల్లేదు. ప్రసంగాలతో పన్ను వస్తుందనుకునేవాళ్లకు ఇంకో పాత ఉదాహరణ: 1944 ఫిబ్రవరిలో, ప్రపంచ యుద్ధం మధ్యలో, రూజ్‌వెల్ట్ తాను అడిగినదాంట్లో నాలుగో వంతు కూడా రాబట్టని పన్ను బిల్లును ఘాటైన మాటలతో వీటో చేశారు. సొంత పార్టీ మెజారిటీ ఉన్న కాంగ్రెస్సే ఆ వీటోను తోసిపుచ్చింది. ఆయన సెనేట్ నాయకుడు ఆల్బెన్ బార్క్లీ నిరసనగా రాజీనామా చేస్తే, సహచరులు ఆయన్నే తిరిగి ఎన్నుకున్నారు. రూజ్‌వెల్ట్ కంటే మాటకారి, బలవంతుడు అయిన అధ్యక్షుణ్ణి వెతకడం కష్టం.

చివరికి కుదిరిన చట్టంలో పరిమితిని విడతలుగా కనీసం 2.1 లక్షల కోట్లు పెంచారు. పదేళ్లకు 91,700 కోట్ల మేర ఖర్చులకు కళ్లెం వేశారు. మరో 1.5 లక్షల కోట్లు వెతకడానికి 12 మంది కమిటీ వేశారు. కమిటీ విఫలమైతే దానంతట అదే ఖర్చు తెగేలా ‘సీక్వెస్టర్’ పెట్టారు, సగం రక్షణలో, సగం మిగతా పద్దుల్లో. ఇక్కడా అదే లోపం: విఫలమైతే పన్ను పెరుగుతుందన్న షరతు అందులో లేదు. రక్షణ ఖర్చు తెగితే రిపబ్లికన్లు దిగొస్తారని లెక్క వేసుకున్నారు. వాళ్లు అది భరించగలమనుకున్నారు. నవంబరు 21న కమిటీ చేతులెత్తేసింది.

ఆగస్టు 5న స్టాండర్డ్ అండ్ పూర్స్ సంస్థ అమెరికా అప్పు రేటింగ్‌ను ట్రిపుల్ ఏ నుంచి ఒక మెట్టు దించింది. రిపబ్లికన్లు రాబడి పెంచనివ్వరని, కాబట్టి బుష్ కోతలు కొనసాగుతాయనే లెక్క వేస్తున్నామని ఆ నోట్‌లో రాసింది కూడా. తమాషా ఏమిటంటే రేటింగ్ తగ్గిన దేశం బాండ్లనే జనం ఎగబడి కొన్నారు. ఆగస్టు 8న షేర్ల సూచీ 6 శాతానికి పైగా పడితే, పదేళ్ల బాండు వడ్డీ సెప్టెంబరుకల్లా 2 శాతం కిందికి దిగింది. శ్రీలంకకో గ్రీసుకో వచ్చిన అప్పుల సంక్షోభానికీ దీనికీ పోలిక లేదు. డబ్బు ఇచ్చేవాళ్లున్నారు, తీసుకోవడానికి సొంత చట్టమే అడ్డు.

బఫెట్ రూల్: పేరు ఎక్కువ, డబ్బు తక్కువ

ఆ ఆగస్టులో కుబేరుడైన మదుపరి వారెన్ బఫెట్ తన పన్ను లెక్క పత్రికలో పెట్టారు: కట్టిన పన్ను 69,38,744 డాలర్లు, పన్ను పడే ఆదాయంలో 17.4 శాతం. ఆయన ఆఫీసులో మిగతావారి సగటు 36 శాతం. ఇందులో మాయ లేదు. ఆయన ఆదాయం ఎక్కువగా షేర్ల లాభాలు, డివిడెండ్లు, వాటికి 15 శాతమే. జీతగాళ్ల మీద ఆదాయపు పన్నుతోపాటు పేరోల్ పన్ను కూడా పడుతుంది. అప్పట్లో అందులో ప్రధాన భాగం 1,06,800 డాలర్ల జీతం దాటాక ఆగిపోయేది.

ఒబామా దీన్నే పట్టుకుని 10 లక్షల డాలర్లు దాటినవారికి కనీసం 30 శాతం అన్నారు. కాంగ్రెస్ పన్నుల కమిటీ నిపుణుల అంచనా పదేళ్లకు 4,700 కోట్ల డాలర్లు. ఏడాదికి 470 కోట్లు, అప్పటి లోటులో ఒకటిన్నర రోజుకు కూడా చాలదు. రేట్లు ఎలాగూ పెరుగుతాయన్న బేస్‌లైన్ మీద వేశారు కాబట్టి కొంత తక్కువ కనిపిస్తుంది. అయినా లోటు తీర్చే మందు కాదది, ఎన్నికల ప్రచారానికి మంచి నినాదం. 2012 ఏప్రిల్ 16న సెనేట్‌లో 51-45తో ఆగిపోయింది, 60 రాలేదు.

2012 డిసెంబరు 31 అర్ధరాత్రి

ఈసారి గడియారం ఒబామా వైపు నడిచింది. ఏమీ చేయకపోతే జనవరి 1న అందరి రేట్లూ పెరుగుతాయి, సీక్వెస్టర్ మొదలవుతుంది. మాంద్యం వస్తుందని బడ్జెట్ ఆఫీసు హెచ్చరించింది. అయితే సంపన్నుల కోతలు కాపాడాలని మిగతా 98 శాతం మంది కోతలను బలిపెట్టిన పార్టీ అనే పేరు రిపబ్లికన్లకు వస్తుంది.

ఒబామా మొదట అడిగింది 1.6 లక్షల కోట్లు, పెంపు మొదలయ్యే ఆదాయ గీత 2.5 లక్షల డాలర్ల దగ్గర. బేనర్ 10 లక్షల దగ్గర గీత గీసి ‘ప్లాన్ బి’ తెచ్చారు. దానికీ సొంత పార్టీలో ఓట్లు లేక డిసెంబరు 20న వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత బేరం బైడెన్, మెకానెల్ మధ్య నడిచింది.

అర్ధరాత్రి దాటడం లాంఛనంలా కనిపిస్తుంది గానీ, కీలకమంతా అందులోనే ఉంది. 12 గంటలు దాటగానే చట్ట ప్రకారం పాత రేట్లు వచ్చేశాయి. ఇప్పుడు 4 లక్షల కింద ఉన్నవాళ్లకు తక్కువ రేట్లు తిరిగి ఇచ్చే బిల్లు సాంకేతికంగా పన్ను తగ్గింపు బిల్లు. ప్రతిజ్ఞ చేసినవాళ్లు కూడా ఓటేయొచ్చు. నార్క్విస్ట్ కూడా ప్రతిజ్ఞకు భంగం కాదనేశారు. జనవరి 1 తెల్లవారకముందే సెనేట్‌లో 89-8, ఆ రాత్రి ప్రతినిధుల సభలో 257-167. రిపబ్లికన్లలో 85 మందే అవునన్నారు, 151 మంది కాదన్నారు. ఒబామా హవాయిలో ఉండగా సంతకం ఆటోపెన్ యంత్రం పెట్టింది.

చట్టంలో ఏముందంటే: ఒంటరివారికి 4 లక్షలు, దంపతులకు 4.5 లక్షల డాలర్ల పైన 39.6 శాతం. అదే గీత పైన షేర్ల లాభాలు, డివిడెండ్ల మీద 20 శాతం. ఎస్టేట్ పన్ను 40 శాతం. 2.5 లక్షలు, దంపతులకు 3 లక్షలు దాటిన ఆదాయంలో 3 శాతం మేర మినహాయింపులు కత్తిరించే పాత నిబంధన తిరిగొచ్చింది. రేటు పెంచామని చెప్పకుండానే ఒక శాతం పైన పెంచే ఉపాయమది. దీనికి తోడు ఒబామా ఆరోగ్య బీమా చట్టం కింద పెట్టుబడుల ఆదాయం మీద 3.8 శాతం అదనపు పన్ను అదే ఏడాది మొదలైంది. కలిపి 23.8.

స్లాబు ఎలా పనిచేస్తుందో తెలియక భయపడేవాళ్లకు ఒక చిన్న లెక్క. పన్ను పడే ఆదాయం 5 లక్షలున్న దంపతులకు రేటు పెంపు వల్ల పెరిగింది 4.5 లక్షల పైనున్న 50,000 మీద 4.6 శాతం, అంటే 2,300 డాలర్లు. అదే సమయంలో, మధ్యలో పొడిగిస్తూ వచ్చిన పేరోల్ పన్ను తగ్గింపు ఎవరూ పట్టించుకోకుండా గడువు తీరిపోయింది. 50,000 డాలర్ల జీతగాడి చేతి నుంచి ఏడాదికి 1,000 డాలర్లు పోయాయి. ఆదాయంలో భాగంగా చూస్తే ఎవరి మీద ఎక్కువ పడిందో మీరే లెక్క వేసుకోండి.

ఈ గెలుపుకి ధర కూడా ఉంది. 1.6 లక్షల కోట్లు అడిగి 62,000 కోట్లతో సరిపెట్టుకున్నారు. బుష్ కోతల్లో మిగతా భాగమంతా శాశ్వతం చేసేశారు. రాసి ఉన్న చట్టంతో పోలిస్తే పదేళ్లలో లోటు దాదాపు 4 లక్షల కోట్లు పెరిగిందని బడ్జెట్ ఆఫీసు లెక్క. గడువు అనే పగ్గం ఒక్కసారే పనికొస్తుంది, శాశ్వతం చేశాక ఇక ఉండదు. మరో రెండు వారాలు ఆగి ఉంటే 2.5 లక్షల గీత దక్కేదని వాదించేవాళ్లున్నారు. నేను అటువైపే మొగ్గుతాను, కానీ ఫిబ్రవరిలో మళ్లీ అప్పు పరిమితి ఎదురొస్తోంది కాబట్టి ఆయన తొందర అర్థం చేసుకోదగ్గదే. ఒకటి మాత్రం ఆయన నేర్చుకున్నారు. 2013 నుంచి పరిమితి మీద బేరమే లేదన్నారు. అక్టోబరులో ప్రభుత్వం 16 రోజులు మూతబడినా ఆ మాట మీదే నిలబడ్డారు, అవతలివాళ్లే దిగొచ్చారు.

పన్ను పెరిగాక డబ్బు ఎటు జరుగుతుంది

పెంపు వస్తుందని ముందే తెలిస్తే సంపన్నులు ఆదాయాన్ని పెంపుకు ముందే తీసేసుకుంటారు. 2012 చివర్లో కంపెనీలు పోటీపడి ప్రత్యేక డివిడెండ్లు పంచాయి. కాస్ట్‌కో షేరుకు 7 డాలర్లు ఇచ్చింది, అందుకోసం అప్పు చేసి మరీ. అత్యధిక ఆదాయం ఉన్న 400 మంది సగటు ఆదాయం 2012లో సుమారు 33.6 కోట్ల డాలర్లు, 2013లో 26.5 కోట్లు. వాళ్లు కట్టిన సగటు పన్ను మాత్రం 16.7 శాతం నుంచి 22.9 శాతానికి పెరిగింది. కాబట్టి మొదటి ఏడాది అంకె చూసి ‘పన్ను పనిచేయలేదు’ అనడం గానీ, ముందటేడు రాబడి చూసి సంబరపడడం గానీ తప్పే. క్లింటన్ పద్ధతి వేరు: 1993 ఆగస్టు 10న సంతకం చేసి, రేట్లను జనవరి 1 నుంచే వర్తింపజేశారు.

అమ్మని షేర్ల మీద పెరిగిన విలువ ఏ రేటుకీ దొరకదు. వాటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుని బతికి, వారసులకు వదిలేస్తే, వారసుల చేతిలో కొన్న ధర ఆ రోజు మార్కెట్ ధరకు మారిపోతుంది. అప్పటిదాకా పెరిగిన లాభం మీద ఆదాయపు పన్ను ఎప్పటికీ పడదు. 39.6 చేసినా 50 చేసినా ఈ తలుపు తెరిచే ఉంటుంది.

అమెరికాలో పన్ను రెసిడెంట్లయిన మనవాళ్లకు ఇందులో తగిలేది 3.8 శాతం పన్ను. దాని గీత ఒంటరివారికి 2 లక్షలు, దంపతులకు 2.5 లక్షల డాలర్లు, 2013 నుంచి ద్రవ్యోల్బణంతో మారలేదు. అప్పట్లో డాక్టర్ దంపతుల మాటైన ఆ అంకె ఇప్పుడు ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇంటికీ తగులుతోంది. ఇండియాలోని ఎఫ్‌డీ వడ్డీ, హైదరాబాద్ ప్లాటు అమ్మిన లాభం కూడా ఫారం 8960లో లెక్కకొస్తాయి. ఇండియాలో కట్టిన పన్నుకు ఫారం 1116లో వచ్చే క్రెడిట్ ఈ 3.8 శాతాన్ని తగ్గించదు.

మిగిలిన దారి

గడువు లేనప్పుడు ఉన్నది రికన్సిలియేషన్ ఒక్కటే, దానికి రెండు సభలూ చేతిలో ఉండాలి. 1993లో క్లింటన్ పై రేటును 31 నుంచి 39.6కి పెంచింది ఆ దారిలోనే, 218-216తో, సెనేట్‌లో ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో 51-50. ఒక్క రిపబ్లికన్ ఓటూ లేదు. మరుసటి ఏడే సభ పోగొట్టుకున్నారు. 2022లో బైడెన్ అదే దారిలో పెద్ద కంపెనీల మీద 15 శాతం కనీస పన్ను తెచ్చారు. ఫండ్ మేనేజర్ల లాభ వాటా మీద పన్ను మాత్రం కిర్‌స్టెన్ సినిమా అనే ఒక్క సెనేటర్ ఒప్పుకోక తీసేయాల్సి వచ్చింది. 2023 మే, జూన్‌లలో అప్పు పరిమితి బేరంలో ఆయనకూ కొత్త పన్ను రాలేదు. పైగా పన్ను ఎగవేతలు పట్టుకోవడం వంటి పనులకు పన్నుల శాఖకు ఇచ్చిన 8,000 కోట్లలో 2,000 కోట్లు వెనక్కి ఇవ్వడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. 2011లో పనిచేసిన లెక్కే ఇక్కడా పనిచేసింది.

2017లో ట్రంప్ పై రేటును 37కి తగ్గించినప్పుడు గడువు 2025 డిసెంబరు 31. ఆ గడువునాటికి డెమోక్రాట్ అధ్యక్షుడు ఉండి ఉంటే 2012 నాటి కథ మళ్లీ నడిచేది. 2025 జులై 4న సంతకమైన చట్టంతో రిపబ్లికన్లు ఆ రేటును శాశ్వతం చేశారు, అదే చట్టంలో అప్పు పరిమితిని 5 లక్షల కోట్లు పెంచేశారు. ఒబామా 2010 డిసెంబరులో కలపమని అడగని రెండిటినీ వాళ్లు కలిపేసుకున్నారు. ఇప్పుడు పై స్లాబుకు గడువు తేదీ లేదు. తర్వాత వచ్చే అధ్యక్షుడు సంపన్నుల పన్ను పెంచుతానంటే, సెనేట్‌లో ఆయనకు 50 ఓట్లు ఎక్కడినుంచి వస్తాయో అడగండి.